ఏడుపు కోడలు మా వీధికొచ్చిన రోజు

ఆ రోజుల్లో, టీవీలో కనిపించిన మనిషి అబద్ధం చెప్పడని మా ఊళ్లో ఒక గట్టి నమ్మకం ఉండేది. టీవీ మనుషులకు మనలాగే ఆకలి వేస్తుందనీ, జలుబు చేస్తుందనీ మాత్రం చాలామంది నమ్మేవారు కాదు. ఇప్పుడంటే ప్రతివాళ్ల జేబులోనూ ఒక టీవీ ఉంది, ప్రతివాళ్లూ అందులో కనిపిస్తున్నారు, అందుకే కాబోలు ఎవరి మాటా ఎవరూ నమ్మడం లేదు. కొత్త శతాబ్దం ఇంకా కొత్తగానే ఉన్న ఆ ఏళ్లలో మా గద్వాలకు సొంత టీవీ మొహమంటూ ఒక్కటే ఉండేది. ఆ మొహం నాది. (నవ్వకండి. ఇప్పటి నా మొహం చూసి అప్పటి మొహాన్ని అంచనా వేయడం న్యాయం కాదు.)

మా అబ్బా, అంటే నాన్న, టీవీ మెకానిక్. ఊళ్లో సగం ఇళ్ల టీవీలు ఆయన చేతి దెబ్బ తిన్నవే. (దెబ్బ అంటే నిజంగా దెబ్బే. పక్కన అరచేత్తో ఒకటి చరిస్తే బొమ్మ రావాలి, లేకపోతేనే ఆయన స్క్రూడ్రైవర్ తీసేవాడు.) మిఠాయి దుకాణం పైనున్న గదిలో కేబుల్ నడిపే అన్న ఒకాయన సొంతంగా లోకల్ చానల్ పెట్టి, వార్తలు చదవడానికి ఒక ఆడపిల్ల కావాలని అబ్బాను అడిగాడు. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బడిలో చదివింది తెలుగు. రెండింటి మధ్య పెరిగినందుకేమో, నా తెలుగులో ఊరి యాస తక్కువ, పుస్తకాల వాసన ఎక్కువ. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను. 'బిడ్డ ఇంట్ల కూసొని మా బుర్ర తినేకంటె, ఊరి బుర్ర తింటె మంచిదే' అని అబ్బా ఒప్పుకున్నాడు. అట్లా నేను రోజూ సాయంత్రం కరెంటు పోయిన వేళలు, పెళ్లి శుభాకాంక్షలు, తప్పిపోయిన గేదెలు, అప్పుడప్పుడూ వార్తలు చదివేదాన్ని.

నేను చదివింది ఎవరు విన్నారో తెలియదు గానీ, నేను కట్టింది మాత్రం ఊరంతా చూసేది. గద్వాల కదా, మగ్గాల వీధి వాళ్లు రోజుకొకరు కొత్త చీర పంపించి కట్టుకుని చదవమనేవారు. వార్త అయిపోగానే చీర మడతపెట్టి ఇచ్చేయాలి. మొదటి వారంలోనే పేచీ వచ్చింది. 'మెడ కాడికెల్లి మీదికే చూపిస్తుర్రు, మా పనంతా కొంగులనే ఉంటది, కొంగేది?' అని నేతగాళ్లంతా కేబుల్ అన్న మీద పడ్డారు. అన్న ఆలోచించి కొంగును నా ముందున్న టేబుల్ మీద పరిపించాడు. ఇక అప్పటి నుంచి పట్టు కొంగు టేబుల్ అంతా పరుచుకుని, దాని వెనకాల తల ఒక్కటి పెట్టుకుని వార్తలు చదివేదాన్ని. చదువుతూ చదువుతూ లేవడానికి వీల్లేదు, లేస్తే టేబుల్ మీది మంచినీళ్ల గ్లాసు కూడా నాతోపాటు బయల్దేరుతుంది. మా నానీ, అంటే అమ్మమ్మ, రోజూ చూసి, 'పిల్ల పట్టుబట్టల అంగడిల తప్పిపోయినట్టుంది' అనేది.

అయినా సరే, నా గర్వానికి హద్దు లేదు. బస్సులో లేచి సీటిచ్చేవారు. కూరగాయల ఆమె రెండు మిరపకాయలు ఎక్కువ వేసేది. ఊరు నా కనుసన్నల్లో నడుస్తోందని నిజంగానే అనుకునేదాన్ని. వనపర్తిలో మా ఖాలా (పిన్ని) కూతురి పెళ్లికి పోయినప్పుడు, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మరీ దిగాను, జనం మీద పడతారేమోనని. ఒక్కడంటే ఒక్కడు గుర్తుపట్టలేదు. మా కేబుల్ తీగ గద్వాల దాటదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పైగా పెళ్లింట్లో ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, 'కండ్లకేమన్న అయ్యిందా బిడ్డా?' అని పాపం జాలిపడింది.

సరే, అసలు కథ. మా ఇంటి వెనక వీధే మగ్గాల వీధి. ఆ వీధి మొదట్లో ఉండే ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. చుట్టరికం లేదు, కానీ నన్ను అమ్మీ కంటే ఎక్కువగా ఎత్తుకు తిప్పింది ఆవిడే. పెద్దమ్మ, పెద్దనాయన ఇద్దరూ నేసేవారు. వాళ్లది గుంట మగ్గం, అంటే నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసేది. ఆ వీధికి కౌన్సిలరు ఒక కాంట్రాక్టరు. ఆయన తన పదవీకాలంలో వీధికి సిమెంటు రోడ్డు వేయించాడు, అదీ తనే కాంట్రాక్టు తీసుకుని. పాత రోడ్డు మీద కొత్త రోడ్డు పోసేసరికి వీధి ఎత్తయింది, ఇళ్లు పల్లమయ్యాయి. మురుగు కాలువ మాత్రం కట్టలేదు. వాన పడితే వీధిలో నీళ్లన్నీ గడప దాటి నేరుగా మగ్గం గుంటలోకి వచ్చి కూర్చునేవి. గుంటలో నీళ్లుంటే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. పెద్దమ్మ కాలువ కోసం కాంట్రాక్టరు ఇంటి చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయింది. ఆయన ప్రతిసారీ, 'అయితది, అయితది, ఫైల్ మీదికి పోయింది' అనేవాడు. ఆ మీది అనేది ఎక్కడుందో మాకెవరికీ ఈనాటికీ తెలియదు.

మునిసిపాలిటీ ఎన్నికలు వచ్చాయి. ఆ వార్డు మహిళలకు రిజర్వు అయింది. కాంట్రాక్టరు ఏమాత్రం పరేషాన్ కాలేదు, భార్య పేరుతో నామినేషన్ వేయించాడు. గోడలనిండా పోస్టర్లు వెలిశాయి. పోస్టరులో చాటంత మొహం ఆయనది. అడుగున మూలకు బొట్టుబిళ్లంత ఆమెది. అది కూడా వాళ్ల పెళ్లినాటి ఫోటోనట, అందులో ఆమెను కన్నతల్లి కూడా గుర్తుపట్టే వీలు లేదు. ఆమె ప్రచారానికి గడప దాటి వచ్చింది లేదు. ఆయన ఇంటింటికీ వచ్చి, 'నాకెయ్యుర్రి ఓటు' అని దండం పెట్టేవాడు. ఎవరూ తప్పుపట్టలేదు కూడా. అది అట్లాగే ఉంటుందని అందరికీ అలవాటు.

ఆ వారంలోనే ఒక వాన కురిసింది. పొద్దున్నే పెద్దమ్మ గుంటలోంచి చెంబుతో నీళ్లు తోడుతూ తోడుతూ చెంబు విసిరికొట్టి, 'నేను నిలవడ్త' అంది. పెద్దనాయన నూలు చుట్టుకుంటూ తల కూడా ఎత్తలేదు. 'నిలవడు. కాల్వ గట్టిస్తె నీకే ఓటేస్త' అన్నాడు. ఎవరైనా ఆయన దగ్గరికి వచ్చి ఏ ముచ్చట అడిగినా, 'నాకేం తెల్వదు బై, నిలవడ్డది ఆమె, ఆమెనడుగుర్రి' అనేవాడు. మొగుడు అట్లా అనడం మా వీధి జనానికి వింతగా ఉండేది.

పెద్దమ్మకు గుర్తు కుట్టుమిషన్ వచ్చింది. నేనూ ఆమెతో ఇంటింటికీ తిరిగాను. (వార్తలు చదివే మనిషి ఒక పక్షానికి తిరగవచ్చా అని మీరు అడగవచ్చు. అప్పట్లో నన్నెవరూ అడగలేదు.) మంచి ఆదరణే దొరికింది. కానీ ప్రచారానికి ఒక ఇబ్బంది ఉండేది. సాయంత్రం ఒక వేళకు వీధంతా నిర్మానుష్యమయ్యేది, సీరియల్ వచ్చే వేళ. అందులో ఒక కోడలు. అత్త కొడుతుంది, ఆడపడుచు తిడుతుంది, మొగుడు అనుమానిస్తాడు, ఆ పిల్ల రోజూ కళ్లనిండా నీళ్లు పెట్టుకుని అందరికీ కాఫీలు ఇస్తుంది. మేము ఆమెను ఏడుపు కోడలు అనేవాళ్లం, ముద్దుగానే. ఆ అరగంటా పెద్దమ్మ కూడా ప్రచారం ఆపేసి ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంట్లోనే కూర్చుని, ఓటర్లతో కలిసి కొంగుతో కళ్లు తుడుచుకునేది. అత్తను తిట్టడంలో రెండు పక్షాలూ ఏకమయ్యేవి.

పోలింగ్ ఇంకా కొద్ది రోజులుందనగా పిడుగులాంటి వార్త వచ్చింది. కాంట్రాక్టరు హైదరాబాదు నుంచి ఏడుపు కోడలిని రోడ్డు షోకు రప్పిస్తున్నాడు. ఆ సాయంత్రం మేము తొక్కిన ప్రతి గడప దగ్గరా ఒకే మాట. 'ఓటు నీకే గాని అక్కా, పాపం ఆ పిల్ల ఇంటికొచ్చి అడిగితె ఎట్ల కాదంటం? అసలే కష్టాలల్ల ఉన్నది.' కాలువ లేదు, ఏమీ లేదు, ఇంకో అయిదేళ్లు గుంటలో నీళ్లే అనిపించింది. పెద్దమ్మను చూస్తే ఆవిడ ఎటో చూస్తూ నడుస్తోంది.

"ఏంది పెద్దమ్మా, భయమైతుందా?" అన్నాను.

"భయం గాదు బిడ్డా. ఆ పిల్ల వచ్చి చెయ్యి పట్టుకొని అడిగితె, నా ఓటు గూడ ఆమె చెప్పినోళ్లకే ఏస్తనేమో అని గుబులైతుంది" అంది.

అభ్యర్థే అట్లా అంటే ఇక మిగతావాళ్ల సంగతి చెప్పాలా? ఇది చాలదన్నట్టు, కాంట్రాక్టరు మా కేబుల్ అన్నను పిలిచి, రోడ్డు షో లైవ్ ఇవ్వాలని పట్టుబట్టాడు. 'హైదరాబాద్ చానళ్ల లెక్క గావాలె. ఒక్క ముక్క గూడ కట్ చెయ్యొద్దు. ఇంట్ల కూసున్న ముసలోళ్లు గూడ చూడాలె' అన్నాడు. అన్న స్తంభాల మీదుగా తీగ లాగించి, కెమెరా తనే పట్టుకుని, మైకు నా చేతికిచ్చాడు. పెద్దమ్మను ఓడించే సభకు వ్యాఖ్యాతను నేనే అన్నమాట. ఆ ఉదయం ఏ చీర కట్టుకోవాలో కూడా తోచలేదు. చివరికి పెద్దమ్మ నేసిందే కట్టుకున్నాను. ఆమెకు ఆ మాత్రమైనా చేయగలిగానని సరిపెట్టుకున్నాను.

కాంట్రాక్టరు ఇల్లు వీధికి ఆ చివర. ఏర్పాటు ఏమిటంటే, కోడలు ఈ చివరి నుంచి ఓపెన్ జీపులో వీధి మధ్యగా ఊరేగుతూ వెళ్లాలి. ఆ చివర ఇంటి ముందు కాంట్రాక్టరు భార్య హారతి పళ్లెంతో ఎదురొస్తుంది. లోపల కోడలికి భోజనం. కాంట్రాక్టరు బాణసంచా సంగతి చూసుకోవడానికి ముందే ఆ చివరకు వెళ్లి నిలబడ్డాడు. అంతా సిద్ధం. ఒక్కటి మాత్రం ఎవరికీ తట్టలేదు, ఆ రోజు జెండా మామ పడుగు.

జెండా మామ అంటే కాంట్రాక్టరుకు జెండాలు కట్టే మనిషి. స్తంభమెక్కి తోరణాలు కట్టడం దగ్గర్నుంచి జిందాబాద్ దాకా అన్నీ ఆయనే. అంత నమ్మకస్తుడు. కానీ నేతగాడు కూడా. మగ్గానికెక్కే ముందు పడుగు నూలును వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, ఇటొకరు అటొకరు నిలబడి పెద్ద కుంచెతో దువ్వుతారు. అది ఎండ ముదరక ముందే కావాలి. మొదలుపెట్టాక మధ్యలో ఆపితే పోగులన్నీ అతుక్కుపోయి పడుగంతా పాడు. అందుకే పడుగు చాచిన వీధిలోకి మా ఊళ్లో ఎడ్లబండి కూడా రాదు, పెళ్లి ఊరేగింపు కూడా పక్క సందులోంచి పోతుంది. తెల్లారే వాన తెరపి ఇచ్చిందని, ఎండ బాగుందని, జెండా మామ రాత్రి తోరణాలు కట్టిన వీధిలోనే పొద్దున పడుగు చాచేశాడు. అలవాటైన చేయి, ఆలోచించలేదు.

జీపు వచ్చి వీధి మొదట్లో ఆగింది. ఎదురుగా వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా తెల్లగా పడుగు. జీపులో ఏడుపు కోడలు. (టీవీలో కంటే సన్నగా, ఎండకు మొహం కందిపోయి, నిజంగానే పాపం అనిపించేట్టు ఉంది.) ఆమెతో వచ్చిన హైదరాబాదు మేనేజరు హారన్ కొట్టించాడు. జెండా మామ కుంచె ఆపలేదు.

"తియ్యవయ్యా దారాలు, మేడం వెళ్లాలి!" అన్నాడు మేనేజరు.

"నా పాణం తియ్యి సారు, పడుగు మాత్రం తియ్యరాదు" అన్నాడు జెండా మామ.

అవతలి చివర నుంచి కాంట్రాక్టరు చేతులు ఊపుతూ అరిచాడు, "అరేయ్, ఓటు నాకే ఏస్తవ్ గదరా, జర తీయ్!"

"ఓటు నీకే ఏస్త అన్నా! జెండా గూడ కడ్త! జర ఆరనియ్యి!" అని ఇటు నుంచి జెండా మామ అంతే గట్టిగా అరిచాడు. విధేయతకు ఆయన దగ్గర ఏ లోటూ లేదు, కాకపోతే గంజి దాకానే.

ఇదంతా లైవులో పోతోంది. నా చేతిలో మైకు, ఏం మాట్లాడాలో తెలియదు. 'ప్రస్తుతం పడుగు ఆరుతోంది' అన్నాను. (మా నానీ తర్వాత చెప్పింది, నా వార్తలన్నిటిలో ఆమెకు నచ్చింది అదేనని.) ఎండ ఎక్కుతోంది. జీపులో కోడలు చేతిరుమాలుతో విసురుకుంటూ, మేనేజరుతో నీళ్లు అని సైగ చేసింది. అంతలో పక్కనే తన ఇంటి గడప మీద నిలబడి ఆమెనే రెప్పవేయకుండా చూస్తున్న పెద్దమ్మ ఇక ఆగలేకపోయింది. నేరుగా జీపు దగ్గరికి పోయి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఎంత చిక్కిపోయినవ్ బిడ్డా! ఆ ముసల్ది నీకు తిండి గూడ పెడ్తలేదా? దా, లోపటికి దా" అంది.

ఆ పిల్ల మొదట బిత్తరపోయింది, తర్వాత నవ్వింది, దిగి లోపలికి వచ్చింది. కెమెరాతో అన్న, మైకుతో నేను, తీగతో ఇంకొకడు వెంటపడ్డాం. పెద్దమ్మ చాప పరిచి, జొన్నరొట్టె, పల్లీల పొడి, పెరుగు పెట్టింది. తెల్లవారుజామున హైదరాబాదులో బయల్దేరిన పిల్ల, వద్దు వద్దంటూనే రెండో రొట్టె కూడా తింది. టీవీ మనుషులకు ఆకలి వేస్తుందని మా ఊరు కళ్లారా చూసింది అప్పుడే. తింటూ తింటూ ఆమె చూపు మగ్గం మీద పడింది.

"అదేంటమ్మా, అందులో నీళ్లున్నాయి?"

"గవి వాన నీళ్లు బిడ్డా. కాల్వ లేదు. రోడ్డు ఎత్తయ్యింది, ఇల్లు లోతయ్యింది. నీళ్లు తోడినప్పుడు నేస్తం, తోడనప్పుడు ఊకుంటం."

ఆ పిల్ల లేచి వెళ్లి, గుంట అంచున గొంతుక్కూర్చుని, నీళ్లలో వేళ్లు పెట్టి చూసింది. "మా అమ్మ కుట్టుమిషన్ తొక్కి నన్ను పెంచిందండీ. మిషన్ పాడైన రోజు మా ఇంట్లో కూడా ఇంతే" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సీరియల్లో వచ్చే నీళ్లు కావవి, ముక్కు కూడా ఎర్రబడింది. లేచి నన్ను అడిగింది, "నేను ఓటేయమని చెప్పాల్సింది ఒక అక్క గురించి అన్నారు. ఆ అక్క ఎవరండీ? నేను ఫోటోలో కూడా సరిగ్గా చూడలేదు. ఎక్కడున్నారు?"

నేను నోరు తెరిచేలోపే గుమ్మంలో కిక్కిరిసిన ఆడవాళ్లంతా ఒక్కసారే అన్నారు, "క్యాండేటా? గీమెనే గద!"

కోడలు పెద్దమ్మను చూసి, మళ్లీ నన్ను చూసింది. "ఈవిడేనా అభ్యర్థి?"

ఊరంతా చూస్తోంది. కెమెరా వెనక నుంచి కేబుల్ అన్న కళ్లతో వద్దు వద్దని సైగ చేస్తున్నాడు. నేను పుస్తకాల తెలుగులో, ఒక్క అక్షరం తడబడకుండా, "అవునండీ, ఈమె ఈ వార్డు అభ్యర్థి" అన్నాను. అందులో అబద్ధమేమైనా ఉంటే ఈ రోజుకైనా చెప్పండి.

ఆ తర్వాతది మా ఊళ్లో చాలాకాలం కథగా చెప్పుకున్నారు. కోడలు పెద్దమ్మ చెయ్యి పట్టుకుని అరుగు మీదికి తీసుకొచ్చింది. నా చేతిలోంచి మైకు తీసుకుని, "అమ్మలారా, అక్కలారా! రోజూ మీ ఇంటికి టీవీలో వచ్చి ఏడ్చే పిల్లను. ఇవాళ ఈ అక్క చేతి రొట్టె తిన్నాను. ఈమె గుంటలో నీళ్లు చూశాను. ఈమె గెలిస్తే కాలువ వస్తుంది. మీ ఓటు ఈ అక్కకే వేయండి!" అని పెద్దమ్మ చెయ్యి పైకెత్తింది. పెద్దమ్మకు తన ప్రచారం జరుగుతోందని అర్థమైందో లేదో గానీ, ఆమె మాత్రం ఆ పిల్ల ముఖాన్నే చూస్తూ ఏడుస్తోంది. వీధి హోరెత్తిపోయింది. జెండా మామ కూడా కుంచె చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు, అలవాటైన చేయి కదా.

అవతలి చివర ఉన్న కాంట్రాక్టరుకు ఆ హోరులో ఈ చివర మాటలు వినబడలేదు. ఇంట్లో టీవీ చూస్తున్న వాళ్లెవరో పరుగున వచ్చి చెప్పారట. పడుగు మీదుగా దూకడానికి ఆయనకు కూడా ధైర్యం చాలలేదు, ఆయనా మా ఊరివాడే కదా. వెనక సందులోంచి చుట్టూ తిరిగి, ఒక చెప్పు బురదలో వదిలి, ఆయాసపడుతూ వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నవ్ మేడం! ఆమె గాదు! ఆమె గాదు క్యాండేటు!"

"అయ్యో, మరి ఎవరండీ?" అంది కోడలు, మైకు ఆయన వైపు పెడుతూ.

"నేనే! క్యాండేటు నేనే!"

"ఇది ఆడవాళ్ల సీటని చెప్పారు కదండీ?"

"మా ఇంటామె పేరుకే మేడం! పేరుకే! క్యాండేటు నేనే!"

మైకు మంచిది. ఒక్క ముక్క కట్ కాకుండా ఊరంతా పోయింది. ఎవరో ఒక ముసలామె కిసుక్కుమంది. ఆ నవ్వు పాకి పాకి, గుమ్మాలు, అరుగులు, మిద్దెలు దాటింది, సీరియల్ వేళ ఏడ్చే ఆడవాళ్లంతా కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. అందరికీ తెలిసిన సంగతే. కానీ తెలియడం వేరు, టీవీలో ఆయన నోటితోనే వినడం వేరు. టీవీలో కనిపించిన మనిషి అబద్ధం చెప్పడు కదా.

లెక్కింపు రోజున పెద్దమ్మ గెలిచింది. గెలిచిందంటే ఏదో గట్టెక్కడం కాదు, లెక్కపెట్టే ఆయనే మధ్యలో నవ్వాడట. అబ్బా ఆ రోజు దుకాణానికి తాళం వేసి డప్పుల ముందు నడిచాడు. పెద్దనాయనకు దండ వేయబోతే, 'నాకెందుకు బై, గెల్చింది ఆమె, ఆమెకెయ్యుర్రి' అని తప్పించుకున్నాడు. జెండా మామ మా ఊరేగింపుకు కూడా జెండాలు కట్టాడు. ఇంటింటి ముందూ ఆగుతూ, రంగు చల్లుకుంటూ ఊరేగింపు కాంట్రాక్టరు ఇంటి దాకా వచ్చేసరికి మాకు కొంచెం జంకు పుట్టింది, తలుపులు మూసి ఉన్నాయి. డప్పులు నెమ్మదించాయి. అప్పుడు తలుపు తెరుచుకుంది. కాంట్రాక్టరు భార్య గడపలో నిలబడి ఉంది, చేతిలో హారతి పళ్లెం. ఆమెను అంత దగ్గరగా చూడడం నాకదే మొదటిసారి. మెట్లు దిగి వచ్చి పెద్దమ్మకు బొట్టు పెట్టి, హారతి తిప్పింది.

"ఆ దినం పళ్లెం పట్టుకొని టీవీ ముందల్నే నిలవడ్డ వదినా. పేరుకే అన్న మాట విన్న" అంది. తర్వాత కొంచెం నవ్వి, అందరికీ వినబడేట్టే అంది, "నిలవడ్డది పేరుకే గాని, ఓటు మాత్రం నాదే."

పెద్దమ్మ ఆమెను గట్టిగా పట్టేసుకుంది. ఇద్దరి మీదా పళ్లెంలోని కుంకుమ పడింది. నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గెందుకు? డప్పులు మళ్లీ మొదలయ్యాయి, ఈసారి ఊరు దద్దరిల్లేట్టు.

మరుసటి వానాకాలానికి కాలువ కట్టారు. మొదటి పెద్ద వాన పడిన పొద్దున పెద్దమ్మ నన్ను పిలిపించింది. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, వంగి అడుగు మట్టిని అరచేత్తో తడిమి, ఆ అరచెయ్యి నాకు చూపించింది. పొడిగా ఉంది. 'గౌరవ సభ్యురాలు' అని నేను వార్తల్లో చదివినప్పుడు కూడా ఆమె ముఖంలో అంత సంతోషం చూడలేదు.

ఆ విజయమంతా నా వల్లేనని నేను చాలాకాలం నమ్మాను. 'ఈమె ఈ వార్డు అభ్యర్థి' అన్న ఒక్క వాక్యంతో ఒక పదవిని కూల్చి ఇంకొకటి నిలబెట్టానని, రేపో మాపో అసెంబ్లీకి నన్నే నిలబెడతారని, సంతకం కాస్త గజిబిజిగా ఉండేట్టు సాధన కూడా చేశాను. ఎవరూ అడగలేదు. కొన్నేళ్లకు డిష్‌లు వచ్చి లోకల్ చానల్ మూతపడింది. పెళ్లయి నాగర్‌కర్నూల్ వచ్చి బడిపిల్లలకు తెలుగు చెప్పుకుంటూ ఉండిపోయాను. మొన్న గద్వాల పోయినప్పుడు పెద్దమ్మ తన మనవరాలికి నన్ను చూపించి, "గీమెనే మన టీవీ పిల్ల. మస్తు ఫేమసు" అంది. ఆ పిల్ల ఫోన్ మీంచి తల ఎత్తి నన్ను ఎగాదిగా చూసి, "ఏ టీవీ?" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ మిఠాయి దుకాణం పై గదిలో, టేబులంతా పట్టు కొంగు పరుచుకుని, లేస్తే గ్లాసు పడుతుందని కదలకుండా కూర్చుని, ఊరిని తనే నడుపుతున్నాననుకున్న పిల్ల ఒకతి కళ్లముందు కదిలింది. ఆ పిల్లంటే నాకిప్పటికీ ఇష్టమే. పెద్దమ్మ మనవరాలికి ఇంకేమీ చెప్పలేదు, చెప్పే తీరిక లేదు. బయట వాన మొదలైంది, ఆమె గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది.